ఒక్కపొద్దు, పూరీలు, నా నడుము

కార్తీకంలో రెండో శనివారం. ఇస్నాపూర్, మా కాలనీ భజన మందిరం. ఏకాహం.

ఉన్నవారు: మండలి గురువు, హార్మోనియం, పొద్దుటి వంతు. నేను, హార్మోనియం, మధ్యాహ్నపు వంతు. డోలక్ మీద వెల్డింగ్ పని చేసే కుర్రాడు, అందరూ వెల్డర్ తమ్ముడంటారు. షిఫ్టులకు పోయినవాళ్లు పోగా మిగిలిన తాళాల వాళ్లు, వంతపాట వాళ్లు. వంటల దగ్గర నా భార్య, మరి కొందరు ఆడవాళ్లు. రావలసి ఉండీ రానివాడు: నా బావమరిది.

ఆ రోజు డైరీలో మొదట రాసింది ఇదే. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో చేరిన ఏడాది డైరీ మొదలుపెట్టాను. రిటైరయ్యాక కూడా మానలేదు. ముందు ఎవరున్నారో రాసి, తర్వాత ఏం జరిగిందో రాయడం స్టోర్స్‌లో అలవడిన పద్ధతి. డ్రమ్ము పగిలితే మేనేజరు మొదట అడిగేది అదే కదా, అప్పుడు అక్కడ ఎవరున్నారని.

ఏకాహం అంటే ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా భజన ఆగకూడదు. పాడేవాళ్లు మారొచ్చు, హార్మోనియం శ్రుతి మాత్రం తెగకూడదు. మా భజన మండలి మాకు పెళ్లిళ్లు కాని రోజుల్లో ఇస్నాపూర్ కిరాయి గదుల్లో పుట్టింది. అందరం ఫ్యాక్టరీ మనుషులమే కాబట్టి వంతులను షిఫ్టులనే అంటాం. ఫ్యాక్టరీలో నడుస్తున్న మిషన్‌ను వదిలి పోకూడదు, రిలీవర్ రావాలి. ఇక్కడా అంతే. రిలీవర్ వచ్చి పక్కన కూర్చుని, హార్మోనియం గాలి తిత్తి మీద చెయ్యి వేసి, రెండు ఆవర్తాలు, అంటే పల్లవి రెండు చుట్లు తిరిగేదాకా, కలిసి వాయించాకే ముందున్నవాడు లేవాలి.

ఇంకో కట్టుబాటు ఉంది. మందిరంలో వాయించేవాళ్లు నేల మీదే కూర్చోవాలి. నడుములు, మోకాళ్లు సహకరించనివాళ్లకు వెనక గోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలుంటాయి. అక్కడ కూర్చుని తాళాలు వేసుకోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. కానీ ఒకసారి కుర్చీకి పోయినవాడు మళ్ళీ ముందుకు రావడం మేమెవరమూ చూడలేదు.

హార్మోనియం పెట్టె ఏడాది పొడుగునా మా ఇంట్లోనే ఉండేది. పోయిన ఏడాది ఏకాహం మర్నాడు అది గురువు ఇంటికి వెళ్లిపోయింది. ఎందుకంటే, నా వంతు అయ్యాక నేను లేవలేకపోయాను. నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. ఇద్దరు చంకల కింద చేతులు వేసి ఎత్తారు. నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, బొల్లారంలోనే ఇంకో ఫ్యాక్టరీలో మందులు కలిపే రియాక్టర్ దగ్గర ఆపరేటరు, మా మండలిలో మూడో హార్మోనియం, అందరూ వినేట్టుగా అన్నాడు.

"బావా, నిన్ను లేపాల్నంటే ఫోర్క్‌లిఫ్ట్ తేవాలె."

నేను కూడా నవ్వాను. నవ్వినా నొప్పే. గురువు నవ్వలేదు. ఆయన పటాన్‌చెరులో లేత్ మిషన్ మీద పని చేసి రిటైరైన మనిషి, మాటలు తక్కువ.

"తమ్మీ, పెట్టె నా దగ్గర ఉంచుత. వచ్చే ఏడాది సూద్దాం. అప్పటికి కూసొని లేస్తే నీదే. లేకుంటే మీ బామ్మర్దికిద్దాం. నువ్వు తాళాలు పట్టు."

న్యాయమైన మాటే. అయినా ఇంట్లో పెట్టె ఉన్న మూల ఖాళీగా కనపడితే బాగుండేది కాదు. నా భార్య అక్కడ బియ్యం డబ్బా పెట్టింది. అది ఇంకా బాగుండలేదు.

సంగారెడ్డిలో ఎముకల డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరం బస్సులో పోయాం. స్కానింగ్ చూసి, ప్రస్తుతానికి ఆపరేషన్ అవసరం లేదంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆమె పెన్ను మూసి పక్కన పెట్టి, "రోజూ ఏం తింటరు, పెద్దాయనా?" అని అడిగింది. నడుముకు, తిండికి ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. గర్వంగానే చెప్పాను.

"నేను తక్కువ తింట మేడమ్. సోమవారం, గురువారం, శనివారం ఒక్కపొద్దు."

"ఒక్కపొద్దు నాడు ఏం తింటరు?"

"మధ్యాహ్నం ఒక్కసారే అన్నం."

"ఎంత అన్నం?"

నేను చెప్పేలోపే నా భార్య అందుకుంది. "ఒక్కసారే తింటడు మేడమ్. కానీ మూడు పూటలది ఒక్కసారి తింటడు. పొద్దుగాల తినలే, రాత్రి తినడని నేను కూడ ఎక్కువనే పెడ్త."

"మరి రాత్రి ఏం తీసుకోరా?"

"రాత్రి ఏం తినడు. ఫలహారం చేస్తడు."

"ఏం ఫలహారం?"

"సోమారం పూరీలు, ఆలుగడ్డ కూర. గురువారం సగ్గుబియ్యం వడలు. శనివారం ఉప్మా చేసి, పైకింత సేమియా పాయసం."

డాక్టరమ్మ నా పొట్ట వైపు చూసింది. నేను చొక్కా సర్దుకున్నాను. ఒక్కపొద్దు ఉన్నవాళ్లు రాత్రి అన్నం ముట్టరు. అన్నం కానిదేదీ భోజనం కాదని మా ఇళ్లలో అందరి నమ్మకం. నూనెలో మునిగినా సరే, బియ్యం లేకపోతే అది లెక్కలోకి రాదు. నాలుగు దశాబ్దాలు సరుకు లెక్కలు చూసినవాణ్ణి, ఈ లెక్క నాకెప్పుడూ తట్టలేదు.

"గుడ్లు, మాంసం?"

"తింటం మేడమ్, కానీ ఆ మూడు దినాలు ముట్టం. మంగళవారం ఇంట్ల వండను." నా భార్య వేళ్లు మడిచింది. "ఇగ మిగిలిన దినాలల్ల ఎవరి ఇంట్లనన్న పూజ ఉంటది."

"టీ?"

స్టోర్స్‌లో లారీ వచ్చినప్పుడల్లా టీ వచ్చేది. లారీలు పోయాయి, టీ ఉండిపోయింది. నీళ్ళు దాహమైతేనే తాగేవాణ్ణి. దాహం కాకుండా టీ చూసుకునేది.

ఆమె అద్దాలు తీసి ఓపికగా చెప్పింది. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండ్ల లాంటివి ఉంటాయి, వాటికి రక్తం నేరుగా పోదు, చుట్టుపక్కల నుంచి పీల్చుకుంటాయి. ఒంట్లో నీళ్ళుండాలి, మనిషి కదులుతూ ఉండాలి. ముందుకు పెరిగిన పొట్ట పగలూ రాత్రీ నడుమును ముందుకు లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడును ఆపేది వెన్ను పక్కనున్న కండలు. వయసు మీద పడితే కండ కరుగుతుంది, దానికి పప్పు, గుడ్డు, పెరుగు రోజూ అందాలి. ఎముకకు సున్నం కావాలి, ఆ సున్నం ఒంటికి పట్టాలంటే ఎండ కావాలి.

"మీరు పని చేసింది ఎక్కడ?"

"గోదాంల."

"ఎండ?"

"గోదాంల ఎండ ఎట్లుంటది మేడమ్? ఎండ తగిలితే సరుకు పాడైతది."

ఆమె నవ్వింది. "సరుకును మంచిగ కాపాడినరు." రక్త పరీక్ష రాసింది. దాంట్లో డి విటమిన్ తక్కువని తేలింది, దానికి మందు ఇచ్చింది. ఇంకో మాట గట్టిగా చెప్పింది. తిండి ఒక్కటే నొప్పి తగ్గించదు, నడక, ఆమె చూపించిన నడుము కసరత్తు తప్పవు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం అదుపు తప్పినా ఇంట్లో కూర్చోకుండా వెంటనే రావాలి.

"ఒక్కపొద్దు మానేయాల్నా?" అని అడిగాను.

"అది నేను చెప్పను. ఉంటే నిజంగ ఉండండి. పూరీల ఒక్కపొద్దు మాత్రం వద్దు."

తిరుగు బస్సు కంది ఊరు దాటింది. నా భార్య కిటికీ వైపు చూస్తూ అంది.

"అంటే నా చేతి తిండే నీ నడుము ఇరగ్గొట్టిందన్నట్టు."

"నేనట్ల అనలే."

"ఆమె అన్నది. నువ్వు తలకాయ ఊపినవ్."

ఆ రోజు రాత్రి డైరీలు తీసి చూశాను, అసలు ఎప్పటి నుంచి ఇలా తింటున్నానో తెలుసుకుందామని. వాన పడిన రోజులు, కరెంటు పోయిన రోజులు, కంపెనీ బస్సు ఆలస్యాలు, ఎవరికి జ్వరం వచ్చిందీ అన్నీ ఉన్నాయి. తిన్నది ఎక్కడా లేదు. ఒక పెళ్లి నాడు మాత్రం "భోజనం బాగుంది" అని ఉంది. అంత అన్నం తిన్న మనిషి అన్నం గురించి ఒక్క ముక్క రాయలేదు.

మర్నాటి నుంచి రాయడం మొదలుపెట్టాను. వచ్చిన సరుకు, ఖర్చయిన సరుకు అన్నట్టు, లోపలికి పోయింది, నడిచి కరిగించింది. నా భార్య తొంగిచూసి, "నిల్వ ఎంతుందో కూడ రాయి, కొలుస్త" అని నా పొట్ట మీద గరిటె ఆనించింది. కోపం పోయిందని అప్పుడు తెలిసింది.

సోమవారం, గురువారం ఒక్కపొద్దులు మానడానికి మనసు ఒప్పుకోలేదు. గురువు దగ్గరికి పోయి అడిగాను. ఆయన ఎంతోసేపు ఆలోచించలేదు.

"దేవుడు ఎప్పుడన్న నిన్ను పూరీలు అడిగిండా?"

"లేదు."

"మరి ఎవరి కోసం ఇన్నేండ్లు తిన్నవ్?"

శనివారం ఒక్కటి ఉంచుకున్నాను. ఆ రోజు మధ్యాహ్నం మామూలు అన్నం, పప్పు, ఆకుకూర, పెరుగు. రాత్రి పెసర గుడాలు, ఒక జామకాయ. గుడాలంటే మరేం లేదు, నానబెట్టి ఉడికించి, ఉల్లిగడ్డ, ఇంత ఉప్పు వేసిన గింజలు. మా అమ్మ చేలోకి కట్టిచ్చేది. మిగతా రోజుల్లో రాత్రి జొన్నరొట్టె, తోటకూరో పాలకూరో, నువ్వుల పొడి. పొద్దున ఉడికించిన గుడ్డు. పగలంతా నీళ్ళు, మధ్యలో పల్చటి సల్ల, అంటే మజ్జిగ. టీ రెండుకు తగ్గించాను. ఈ వాక్యం రాయడం తేలిక, చేయడానికి నెలలు పట్టింది. మొదట్లో మధ్యాహ్నం అయ్యేసరికి తలనొప్పి, ఎవరు పలకరించినా చిరాకు. నా భార్య పక్కింటావిడతో, "టీ మానినంక ఈయనతోని ఉండుడు కొత్త కోడలు అత్తతోని ఉన్నట్టున్నది" అంటుంటే విన్నాను.

బావమరిది వచ్చినప్పుడల్లా నా పళ్ళెం వైపు జాలిగా చూసేవాడు. అతను షిఫ్టు దిగితే చౌరస్తాలో మిర్చిబజ్జీ, రాత్రి షిఫ్టయితే బిర్యానీ పొట్లం, దాని మీద కూల్‌డ్రింక్.

"అక్కా, బావకు గడ్డి తినుడు ఎప్పటి సంది అలవాటు చేసినవ్?"

"నీకూ వేస్త, కూసో."

"నాకొద్దు. నాకు నడుమున్నది."

వానాకాలం వచ్చేసరికి ప్యాంట్లు వదులై కుట్టు వేయించుకోవలసి వచ్చింది. పొద్దుటి ఎండలో చెరువు రోడ్డు దాకా నడిచి వస్తున్నాను. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. మబ్బు పట్టిన రోజుల్లో ఇప్పటికీ పలకరిస్తుంది. కానీ నేల మీద కూర్చోగలిగాను. మొదట పేపరు చదివేంతసేపు, తర్వాత నా భార్య సీరియల్ అయ్యేంతసేపు. దసరా వెళ్లాక గురువుకు చెప్పాను, మధ్యాహ్నం వంతు నాకు రాయమని. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, రాశారు. నా తర్వాత రిలీవర్‌గా బావమరిదిని వేశారు.

ఆ శనివారం మందిరంలో భోజనాల దగ్గర పులిహోర, పూరీలు, శీరా ఉన్నాయి. వడ్డించే ఆవిడ "కాక, ఏకాహం నాడు గూడ లెక్కలేనా" అని పూరీ పట్టుకుని నిలబడింది. పక్కనే నా భార్య గరిటె పట్టుకుని నిలబడింది. నేను కొంచెం అన్నం, సొరకాయ పప్పు, పెరుగు తిన్నాను. మధ్యలో లేవడానికి లేదు కదా, గొంతు ఎండకూడదని చెంబెడు నీళ్ళు తాగి, మీద గ్లాసుడు సల్ల తాగాను. డాక్టరమ్మ మాటను మరీ శ్రద్ధగా పాటించానని తర్వాత తెలిసింది.

గురువు పక్కన కూర్చున్నాను. తిత్తి మీద చెయ్యి వేశాను. రెండు ఆవర్తాలు కలిసి వాయించి ఆయన లేచి, కునుకు తీయడానికి ఇంటికి పోయారు. చాలా రోజులకు ఆ హార్మోనియం మెట్లు వేళ్ల కింద దొరికాయి. నా వంతు బాగా నడిచింది. నడుము గురించి మొదట్లో భయపడ్డాను, తర్వాత మరిచాను. వెల్డర్ తమ్ముడు డోలక్ మీద ఊపు పెంచాడు, నేనూ పెంచాను.

వంతు అయిపోయింది. బావమరిది రాలేదు. ఆలస్యం కొంచెం కొంచెంగా పెరిగింది. వంతపాట సాగుతుండగా వెల్డర్ తమ్ముడు నా వైపు వంగాడు.

"కాకా, మీ బామ్మర్ది ఫోన్ చేసిండు. హైవే మీద రోడ్డు పని కాడ జామ్. మధ్యాహ్నం ఎక్కే బీ షిఫ్టోళ్ల బస్సు అండ్లనే ఇరుక్కున్నదట. ఆయన రిలీవర్ రాలే. రియాక్టర్ ఇడిసి ఎట్లొస్తడు?"

అక్కడ అతని రిలీవర్ రాలేదు, అందుకే ఇక్కడ నా రిలీవర్ రాలేదు. ఉద్యోగంలో ఇలాంటి ఓవర్‌టైమ్‌లు ఎన్నో చేశాను గాని, ఇలా పద్మాసనంలో చేయలేదు. వెనక నుంచి ఎవరో కుర్చీ జరిపిన చప్పుడైంది. "కాకా, కుర్చీల కూసోండ్రి, పెట్టె స్టూలు మీద పెడ్తం" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. నేను తల అడ్డంగా ఊపి నామం అందుకున్నాను.

అప్పటికి నడుము బాగానే ఉంది. బాగా లేనిది వేరే. చెంబెడు నీళ్ళు, గ్లాసుడు సల్ల తమ పని తాము చేశాయి. మొదట సూచనగా, తర్వాత గట్టిగా, చివరికి నాకు ఇంకో ఆలోచన లేకుండా. పాట వేగం పెంచాను. పెంచితే ఇంకా కష్టమైంది, తగ్గించాను. తాళాల వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అంతలో గురువు తిరిగొచ్చారు. ద్వారం దగ్గరే నిలబడి, పరిస్థితి తెలుసుకుని, నా ఎదురుగా వచ్చారు. చేత్తో సైగ చేశారు, నేను కూర్చోనా అని. ఆయన కూర్చుంటే నేను హాయిగా పోవచ్చు. కానీ ఆయన నా నడుము కోసం అడుగుతున్నారు. ఇప్పుడు లేస్తే నడుము కోసమే లేచానని అందరూ అనుకుంటారు, పెట్టె బావమరిది ఇంటికి పోతుంది. వద్దని తల ఊపాను. ఆయన గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. వంటశాల గుమ్మంలోకి నా భార్య కూడా వచ్చి నిలబడింది. ఆమెకు నా మొహం చూసి విషయం అర్థమైనట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావమరిది వచ్చేసరికి ఎండ మందిరం మెట్ల మీది నుంచి వెళ్లిపోయింది. నుదుటి మీద హెల్మెట్ గీత అలాగే ఉంది. కాళ్ళు కడుక్కుని వచ్చి, "సారీ బావా" అని గొణిగి, పక్కన కూర్చుని తిత్తి మీద చెయ్యి వేశాడు. రెండు ఆవర్తాలు. నా జీవితంలో అంత పొడుగైన ఆవర్తాలు వాయించలేదు.

మూడోది మొదలయ్యేలోపు లేచాను. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు, నేల మీద అరచెయ్యి ఆనించలేదు. ఎత్తడానికి ముందుకొచ్చిన ఇద్దరి మధ్య నుంచి, చెప్పులు కూడా వేసుకోకుండా మందిరం వెనక్కి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి వంతపాటలో నవ్వు కలిసి వినిపిస్తోంది. గురువు నా భుజం మీద చెయ్యి వేశారు.

"పోయిన ఏడాది ఇద్దరు పట్టి లేపిన్రు. ఇయ్యాల పట్టుకుందామన్నా దొరకవైతివి గదా, తమ్మీ."

ఆదివారం పొద్దున సూర్యోదయానికి హారతి ఇచ్చి ఏకాహం ముగించాం. పడుకుని లేవగానే నడుముకు ఏదో ఒకటి అయి ఉంటుందనుకుని మెల్లగా కాళ్ళు కింద పెట్టి చూశాను. కొంచెం బిగిసింది, నడిచేసరికి పోయింది. నేను నడక నుంచి వచ్చేసరికి వాకిట్లో ట్రాలీ ఆటో ఆగి ఉంది, దాంట్లో గురువు పంపిన హార్మోనియం పెట్టె. నా భార్య అప్పటికే బియ్యం డబ్బాను మూల నుంచి జరిపేసింది.

నేను పెట్టె మీద చెయ్యి వెయ్యబోతే ఆమె లోపలి నుంచి అరిచింది. "ఒక్కనివే లేపకు. తమ్ముణ్ణి లేపు."

బావమరిది హారతి అయ్యాక మా ఇంటికే వచ్చి ముందు గదిలో పడుకున్నాడు. షిఫ్టంతా నిలబడి, దాని మీద ఓవర్‌టైమ్ చేసి, దాని మీద నా తర్వాతి వంతు కూర్చున్న మనిషి. రెండుసార్లు పిలిస్తే పలికాడు గాని లేవలేదు. మూడోసారి పక్కకు దొర్లి, మంచం పట్టీ పట్టుకుని, సగం వంగి నిలబడ్డాడు. అలాగే ఉండిపోయాడు.

"ఫోర్క్‌లిఫ్ట్‌కు ఫోన్ చెయ్యాల్నా, బామ్మర్దీ?"

"నవ్వకు బావా. నవ్వొస్తే నొస్తున్నది."

ఆటో అతను, నేను చెరో వైపు పట్టి, మోకాళ్ళు వంచి పెట్టెను దించి మూలన పెట్టాం. బావమరిది గోడ పట్టుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ సంగారెడ్డి మేడమ్ సోమారం ఉంటదా?"

"ఉంటది. పొద్దుగాల బస్సుకు పోదాం. నేనొస్త."

నా భార్య రెండు గిన్నెల్లో బొబ్బెర గుడాలు తెచ్చి, ఒకటి నా ముందు, ఒకటి తమ్ముడి ముందు పెట్టింది. అతను గిన్నెలోకి చూశాడు, అక్క వైపు చూశాడు.

"టీ లేదా అక్కా?"

"ముందుగాల అది తిను" అంది.